మా అవ్వ కోరుకున్న కేతిలి

పోయిన నెల పులివెందులకు వెళ్లాను. సుజాత కొత్త ఇల్లు కట్టుకుంది. నేను గృహప్రవేశానికి రాలేకపోయానని నాలుగుసార్లు ఫోన్ చేసి మరీ పిలిచింది. సుజాత జమ్మలమడుగులో మా అమ్మ దగ్గర చదువుకున్న పిల్ల. పిల్ల అంటున్నాను గానీ నాకన్నా ఒక్క ఏడాది చిన్న, ఇప్పుడు మనవళ్లను ఎత్తుకున్న మనిషి. హాల్లో ఒక గోడ పొడవునా అద్దాల బీరువా చేయించింది. అందులో వాళ్ల పెద్దల నాటి ఇత్తడి కూజాలు, వెండి పన్నీరు బుడ్డి, ఎవరిదో పొన్నుకర్ర, అన్నిటికీ లోపల చిన్న చిన్న లైట్లు. మధ్య అరలో, మిగతావాటికి కాస్త ఎడంగా, ఒక అల్యూమినియం కేతిలి. మూత మీద గాజు బుడిపె. పొయ్యి మీద పెట్టి కాఫీ కాచుకునే కేతిలి అది. ఆ రకంది ఈ జిల్లాలో ఇంకొకటి ఉండి ఉండొచ్చు, నేను కాదనను. కానీ దాని చెక్క పిడి కింద బొటనవేలంత కాలిన మచ్చ ఉంది. ఆ మచ్చ నేను చేసిందే. ఎనిమిదేళ్లప్పుడు మంట మీద పక్కకు పెట్టి పిడి కాల్చినందుకు మా అవ్వ నా వీపు మీద ఒక్కటి వేసింది. దాదాపు అరవై ఏళ్ల తర్వాత ఆ మచ్చను అద్దంలోంచి చూసేసరికి వీపు చురుక్కుమంది.

"అదా అక్కా? అది మా జేజిది" అంది సుజాత నా వెనక నుంచి. ఆ తర్వాత ఇంకో మాట కూడా అంది. ఆ మాట చెప్పే ముందు ఆ కేతిలి ఎవరిదో చెప్పాలి. లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు.

మా అవ్వ, అంటే అమ్మను కన్నతల్లి, పేరు మార్తమ్మ. జమ్మలమడుగు మిషను బంగళాలో ముప్పయ్యేళ్లు వంట చేసింది. ఆమెకన్నా ముందు ఆమె తల్లి అదే బంగళాలో అంట్లు తోమింది. మావాళ్లు ఏసును నమ్ముకున్నది ఆ తల్లికి తల్లి కాలంలో. బంగళాలో ఉండే దొరసాని ఆసుపత్రి చూసుకునేది. పొడుగ్గా ఉండేది, ఎండకు ముక్కు ఎప్పుడూ ఎర్రగా కమిలి ఉండేది, తెలుగు మాత్రం అచ్చు పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడేది. తన దేశం నుంచి తెచ్చుకున్న ఆ కేతిలిని మా అవ్వను తప్ప ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. దాని లోపల నిలువుగా ఒక గొట్టం, గొట్టం పైన ఒక చిల్లుల గిన్నె. అడుగున నీళ్లు, గిన్నెలో కాఫీ పొడి. నీళ్లు మరిగి గొట్టంలోంచి పైకి ఎగసి, మూతకున్న గాజు బుడిపెకు తగిలి, పొడి మీద పడి కిందికి దిగుతాయి, మళ్లీ ఎగుస్తాయి. మొదట బుడిపెలో తెల్లనీళ్లు గంతులేస్తాయి. కాసేపటికి బెల్లం నీళ్ల రంగు వస్తుంది, ఆ తర్వాత చిక్కబడుతుంది. చిన్నప్పుడు నాకు అంతకు మించిన వేడుక లేదు.

అవ్వకు దాని నియమాలన్నీ నోటికి వచ్చు. పొడి మెత్తగా ఉండకూడదు, ఉప్మా రవ్వలా ఉండాలి, లేకపోతే చిల్లుల్లోంచి జారి అడుగున బురదవుతుంది. ప్రొద్దుటూరు నుంచి గింజలు తెప్పించి తనే పెనం మీద వేయించుకునేది. గిన్నెలో పోసిన పొడిని వేలితో అదమకూడదు. బుడిపెలో రంగు కనబడగానే మంట తగ్గించాలి. అక్కడి నుంచి ఎంతసేపు అంటే, అవ్వకు గడియారం చూడటం రాదు, అందుకని కీర్తన ఎత్తుకునేది. రెండు చరణాలు అయిపోగానే దించెయ్యాలి. మూడో చరణానికి పోతే చేదు. పండగనాడు హుషారుగా పాడితే కాఫీ పలచన, ఎవరైనా పోయిన రోజు సాగదీసి పాడితే చిక్కన. అన్నిటికన్నా గట్టి నియమం కడగటం. వేడినీళ్లతో రెండుసార్లు తొలిచి, పాత నూలుగుడ్డతో తుడిచి, గొట్టంలోకి కోడి ఈక దూర్చి తీసి, నాపరాయి మీద బోర్లించాలి. బూడిద తగలకూడదు, చింతపండు తగలకూడదు, సబ్బు ఊసే ఎత్తకూడదు. బయట ఎంత మెరిసినా లోపల నల్లగానే ఉండాలి. ఏళ్ల తరబడి కాఫీ పట్టి ఏర్పడిన ఆ నలుపు పోతే తాగేదానికి లోహం వాసన వస్తుందని దొరసాని నేర్పింది. నేను ఒకసారి పీచుతో గీకబోతే అవ్వ చెయ్యి పట్టుకుంది. "నలుపంటే మురికి గాదు పాపా. దాని తోలు అది" అంది.

బంగళాకు వచ్చే పెద్దమనుషుల్లో ఓబులమ్మ ఒకామె. ఊళ్లో పెద్దింటి ఇల్లాలు, సుజాత నాయనకు తల్లి, అంటే సుజాత చెప్పిన జేజి. పొలం తగాదా గానీ పంచాయతీ గానీ ఓట్లు గానీ ఆ ఇంటి గడప తొక్కకుండా తేలేవి కావు. వాళ్లు ఏ కులమో నేను చెప్పను, ఈ జిల్లా వాళ్లకు చెప్పాల్సిన పనీ లేదు. ఆమెకు మోకాళ్ల నొప్పులు. నెలకు రెండుసార్లు దొరసాని దగ్గరికి వచ్చి మందు తీసుకుని, వరండాలో పేము కుర్చీలో కూర్చుని కాఫీ తాగి వెళ్లేది. కాచేది అవ్వ. ట్రేలో తెచ్చి బల్ల మీద పెట్టేదీ అవ్వే. కప్పు మాత్రం దొరసాని చేత్తో అందించాలి. ఆ ఒక్క చెయ్యి మారేసరికి కాఫీకి ఎక్కడ లేని మడి వచ్చేసేది. "మార్తమ్మా, నీ సేతి కాఫీ తాగితే నా మోకాళ్లు గూడా మాట ఇంటాయి" అనేది ఓబులమ్మ నవ్వుతూ. అవ్వ ఆ మాటను భద్రంగా ఇంటికి మోసుకొచ్చి మాకు అన్నంతోపాటు వడ్డించేది.

దొరసానికి వయసు మీదపడి తన దేశానికి వెళ్లిపోయే ముందు, బంగళాలో పనిచేసిన వాళ్లందరినీ పిలిచి ఒక్కొక్కరిని ఒక్కో వస్తువు కోరుకోమంది. అందరికన్నా పాతమనిషి అవ్వ, కాబట్టి మొదటి కోరిక ఆమెదే. కాలితో తొక్కే కుట్టుమిషను ఉంది, గోడగడియారం ఉంది, దోమతెరతో సహా ఇనుపమంచం ఉంది. మా అమ్మ రూతమ్మ మిషను బడిలో టీచరు. నాయన నేను పాలు తాగే వయసులోనే పోయాడు. అమ్మ రెండు రోజుల ముందు నుంచే అవ్వకు నూరిపోసింది. "అమ్మా, కుట్టుమిషను అడుగు. బడి నుంచి వచ్చి నేను కుట్టుకుంటా. రేపు ఎస్తేరు పెద్దదైతే దానికి వస్తాది." ఎస్తేరు అంటే నేనే. అవ్వ సరేనని తలూపింది. వెళ్లి కేతిలి అడిగింది. దొరసాని కూడా నిజంగా అదేనా అని రెండుసార్లు అడిగిందట. కుట్టుమిషను తోటమాలి ఇంటికి వెళ్లింది. ఆ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు దాని మీదే నిలదొక్కుకున్నారు.

"ఏం చేసుకుంటావు దాన్ని? కాఫీ తాగి బతుకుతామా?" అని అమ్మ ఆ పొద్దు ఇల్లెగిరిపోయేటట్టు అరిచింది. అవ్వ కేతిలిని ఒళ్లో పెట్టుకుని తాపీగా జవాబు చెప్పింది. "దొరసాని పోతే బంగళాలో ఇంగ కాఫీ ఎవురు పోస్తారు? ఓబులమ్మ యాడ తాగుతాది? కేతిలి యాడుంటే ఆడికే గదా రావల్ల." అమ్మ నెత్తి కొట్టుకుంది. అవ్వ అమాయకురాలు కాదు, ఆ ఊరి మర్యాదలు ఆమెకు తెలియనివి కావు. కానీ ముప్పయ్యేళ్లు తను కాచింది తాగి మెచ్చుకున్న మనిషి, తన కాఫీనే తాగిందని నమ్మింది. తాగించింది దొరసాని చెయ్యి అని ఆమెకు తట్టలేదు, లేదా తట్టినా తోసేసింది. ఆమెకు కావాల్సింది ఒక్కటే. ఓబులమ్మ మా వసారాలో కూర్చుని ఒక్క గ్లాసు కాఫీ తాగాలి. దానికోసం ఆరు గాజు గ్లాసులు తెచ్చి, కొత్త గుడ్డలో చుట్టి, ఎవరూ నోరు పెట్టకుండా పెట్టె అడుగున దాచింది. రోజూ సాయంత్రం నాలుగింటికి వసారా బండలు కడిగి కూర్చునేది. అట్లా ఏడాది పైన గడిచింది.

ఓబులమ్మ వచ్చింది. సుజాతకు లెక్కలు రావడం లేదు, అమ్మను ఇంటికొచ్చి చెప్పమని అడగటానికి. మనిషిని పంపినా సరిపోయేది. దొరసాని పోయాక మేముండే మిషను కాంపౌండు ఎట్లా ఉందో చూద్దామన్న సరదా కూడా ఉందేమో. నేను చర్చి నుంచి కుర్చీ మోసుకొచ్చాను. అవ్వ కిరసనాయిలు స్టవ్వును వసారాలోకి తెచ్చి ఆమె కళ్లముందే వెలిగించింది. కొత్త బిందెలో నీళ్లు ఆమె చూస్తుండగా పోసింది. గ్లాసు చుట్టిన గుడ్డను ఆమె చూస్తుండగా విప్పింది. ఏదీ చాటుగా జరగకూడదని అవ్వ పట్టుదల. కీర్తన ఎత్తుకుంది. ఓబులమ్మ కళ్లు గాజు బుడిపె మీదే ఉన్నాయి. పాలు, చక్కెర కలిపి గ్లాసును చేతికి ఇవ్వకుండా, స్టూలు మీద పెట్టి, అవ్వ రెండడుగులు వెనక్కి జరిగింది. తన ఇంట్లో తనే వెనక్కి జరిగింది. ఆ రెండడుగులు నాకు ఇప్పటికీ కనబడతాయి.

"ఈ పొద్దు నాకు ఒంటిపొద్దు మార్తా. ఒక్కపూట అన్నం తప్ప ఏమీ ముట్టను" అంది ఓబులమ్మ. బంగళాలో మార్తమ్మ, మా వసారాలో మార్త. అవ్వ మాత్రం ఆ మాటకు తేలికపడింది. "అయ్యో, తెలీక పెడ్తినమ్మా. ఇంగోనాడు రాండి" అంది. నిజంగా నమ్మింది. నాకే నోరు ఊరుకోలేదు. శనివారం వెంకటేశ్వరస్వామికి, సోమవారం శివునికి ఒంటిపొద్దు ఉంటారని బళ్లో పిల్లల దగ్గర విన్నాను. "అవ్వా, ఈ పొద్దు బుధవారం గదా. బుధవారం ఏ దేవునికి?" అన్నాను. అమ్మకు కాఫీ వాసనే పడదు. అలాంటిది ముందుకొచ్చి, స్టూలు మీది గ్లాసు తీసుకుని, ఓబులమ్మ ముఖంలోకి చూస్తూ, పొగలు కక్కే కాఫీ మొత్తం నిలబడే తాగేసి గ్లాసు బోర్లించింది. నాకు తెలిసి అమ్మ బతుకులో చేసిన ఒకే ఒక్క తిరుగుబాటు అది. తర్వాతి వారం నుంచి వెళ్లి సుజాతకు లెక్కలు చెప్పింది, వాళ్ల వసారాలో చాప మీద కూర్చుని.

లేచి వెళ్తూ ఓబులమ్మ కేతిలి వైపు చెయ్యి చూపింది. "దాన్ని మా ఇంటికి తెచ్చియ్యి మార్తా. దాంట్లో తాగి తాగి ఇంగో కాఫీ నోటికి పట్టడం లే. నీకెందుకది?" అడిగినట్టు లేదు, ఎక్కడో మరిచిపోయిన తన వస్తువు గుర్తుచేసినట్టు ఉంది. అమ్మ "ఇయ్యాకు" అని కళ్లతోనే చెప్పింది. అవ్వ అమ్మ వైపు చూడలేదు. "మీ వాళ్లకు చేసేది రాదమ్మా. నేనొచ్చి రోజూ కాచిపెడ్తా" అంది. "చూద్దాంలే. ముందు తెచ్చియ్యి" అంది ఓబులమ్మ. ఆ 'చూద్దాంలే' పట్టుకుని అవ్వ రాత్రంతా సంబరపడింది.

మర్నాడు అవ్వ చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది. నన్ను వెంటబెట్టుకుని పెద్దింటి పెరటి వైపు నుంచి వెళ్లింది. వాళ్ల వంటామె కేతిలిని కింద పెట్టమంది. పెట్టి మేం జరిగాక, నీళ్లు చల్లి తీసుకుంది. తొట్టి దగ్గర కూర్చుని చింతపండు పిసికి, బూడిద అద్దుకుని, పీచు చేతపట్టి చెయ్యి లోపలికి పెట్టింది. "తోమాకండమ్మా!" అని అరిచింది అవ్వ. అంత గొంతు ఆమెకు ఉందని నాకు అప్పుడే తెలిసింది. "లోపల తోమితే చెడిపోతాది. వేన్నీళ్లతో తొలిస్తే సాలు."

"తోమకుండా ఎట్ల వాడేది? యాడి నుంచి వచ్చిందో" అంది వంటామె, చెయ్యి ఆపకుండా. ఓబులమ్మ గడపలో నిలబడి ఉంది. "మూడు తూర్లు తోమి పసుపునీళ్లు పొయ్యి" అంది. "అమ్మా, అది మురికి గాదమ్మా" అంది అవ్వ ఈసారి చిన్న గొంతుతో. నలుపంతా చింతపండు పులుసులో కలిసి తొట్టి పక్క కాలువలోకి దిగింది. ముప్పయ్యేళ్లుగా అవ్వ కాపాడిన నలుపు అది. కేతిలి లోపల తెల్లగా, గీతలు గీతలుగా బయటపడింది. "ఇప్పుడు చెప్పు ఎట్ల కాసేదో. ఆడనే నిలబడి చెప్పు" అంది ఓబులమ్మ. అవ్వ చెప్పింది. రవ్వలాంటి పొడి సంగతి, వేలితో అదమకూడని సంగతి, కోడి ఈక సంగతి, అన్నీ చెప్పింది. పాట సంగతి మాత్రం చెప్పలేదు. వచ్చేముందు, "రేప్పొద్దున ఎన్ని గంటలకు రావల్లమ్మా?" అని అడిగింది. "ఎందుకు?" అంది ఓబులమ్మ. ఎగతాళిగా కాదు, నిజంగా అర్థం కాక అడిగింది.

పది రోజులకు అమ్మే ట్యూషను నుంచి కబురు మోసుకొచ్చింది. కాఫీ ఇనుప కంపు కొడుతోందట, మార్త కావాలని సరిగ్గా చెప్పలేదట, కేతిలిని అటక మీద పడేశారట. అవ్వ చివరిదాకా వింది. తర్వాత, "కేతిలి తీస్కుంటే సెయ్యి గూడా తీస్కుంటారనుకుంటి" అంది. అంతకు మించి ఆ విషయం ఎప్పుడూ ఎత్తలేదు, కేతిలి వెనక్కి అడగలేదు. అమ్మ మాత్రం ఊరుకునేది కాదు. లంగా చిరిగినా, నాకు పండక్కి గుడ్డలు లేకపోయినా, "ఆ పొద్దు కుట్టుమిషను అడిగింటే..." అని అక్కడికి ఆపేది. అవ్వ నాలుగింటికి బండలు కడగటం మానలేదు. కూర్చుని, పొయ్యీ కేతిలీ లేకుండానే, రెండు చరణాలు పాడి ఆగిపోయేది. అది వింటే నాకు ఒళ్లు మండేది. ఎందుకు ఇచ్చావని అడిగాను ఒకసారి. "నువ్వు గమ్మునుండు" అంది. ఆమె పోయేదాకా మా ఇంట్లో కాఫీ లేదు. ఇచ్చినందుకు అవ్వ మీద, ఆ చాప మీద కూర్చున్నందుకు అమ్మ మీద, నాకు ఇప్పటికీ కోపమే. ఇద్దరూ మట్టిలో కలిసిపోయారు, కోపం పడటానికి నేనే మిగిలాను.

నేనూ టీచరుగానే చేసి ప్రొద్దుటూరులో రిటైరయ్యాను. పోయినేడు పొయ్యి మీద పెట్టే కాఫీ కేతిలి ఒకటి కొనుక్కున్నాను. ఇది వేరే రకం, నడుం దగ్గర మరతిప్పితే రెండు ముక్కలవుతుంది. గాజు బుడిపె లేదు, లోపల ఏం జరుగుతోందో కనబడదు. దుకాణమాయన స్టీలుది చూపించి, "ఇది తీస్కోండి మేడం, ఎట్ల తోమినా ఏం గాదు" అన్నాడు. నేను అల్యూమినియందే తీసుకున్నాను. అట్టపెట్టెలో ఒక కాగితం ఉంది. సబ్బు పెట్టకండి, గీకకండి, లోపల ఏర్పడే పొరే కాఫీ రుచిని కాపాడుతుంది అని ఎన్నో భాషల్లో రాశారు, తెలుగు తప్ప. అది చదివి వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చాను. అచ్చులో ఉంటే అందరూ వింటారు. కాలం మారిందంటారు. మారింది, కాదనను. బస్టాండు హోటల్లో కాఫీ ఎవరు కాచారని అడిగేవాళ్లు లేరు. కానీ ఇదే ప్రొద్దుటూరులో అద్దె ఇంటికి తిరిగినప్పుడు, గదులు చూపించి, కుళాయి తిప్పి చూపించి, గేటు దాకా వచ్చాక, "ఇంతకీ మీరు ఏమోళ్లు మేడం?" అని అడిగారు. మా కులం చెప్పాను. ఆ ఇల్లు అదే నిమిషంలో వాళ్ల బంధువులకు కావాల్సి వచ్చింది. మూడిళ్లలోనూ ఇంతే. నాలుగోది మా చర్చి వాళ్లది, అందులోనే ఉంటున్నాను.

ఇక పులివెందులలో సుజాత అన్న మాట. "దొరసాని పోతా పోతా మా జేజిని పిలిపించి, నా గుర్తుగా పెట్టుకోమని ఇచ్చిందంట అక్కా. మా జేజి అంటే ఆమెకు శానా ఇష్టమంట." ఎంతో మురిపెంగా చెప్పింది. సుజాత మంచిదే. అమ్మ పోయినప్పుడు వచ్చి సొంత కూతురిలా ఏడ్చింది. ఒకప్పుడు ఎస్తేరూ అని పిలిచేది, ఇప్పుడు అక్కా అంటుంది. అబద్ధం ఆమె కల్పించింది కాదు, ఆ ఇంట్లో అందరూ కలిసి నమ్మిన అబద్ధం. పిడి కింద మచ్చ చూపించి మొత్తం చెప్పేద్దామని నోరు తెరిచాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. కేతిలి పోతే పోయింది, వాళ్ల కథలో దాన్ని కోరుకున్న మనిషే లేకుండా పోయింది.

"కూచోండి అక్కా, మీకు కాఫీ అంటే పానం గదా, నేనే పెడ్తాండా" అని వంటింట్లోకి వెళ్లింది. పనిమనిషి ఉన్నా తనే ట్రేలో తెచ్చి, పింగాణీ కప్పు స్వయంగా నా చేతికి అందించబోయింది. మంచి వాసన. తల నొప్పిగా ఉంది, దూరం నుంచి బస్సులో వచ్చాను, ఆ కాఫీ నాకు నిజంగా కావాలి.

"నాకొద్దు సుజాతా. ఈ పొద్దు ఒంటిపొద్దు" అన్నాను.

ఆమె కప్పు పట్టుకునే నవ్వింది. "చర్చికి పోయే మీకు ఒంటిపొద్దు ఏంది అక్కా? అయినా ఈ పొద్దు బుధవారం. బుధవారం ఎవురుంటారు?"

"మీ జేజి ఉండె" అన్నాను. "మా ఇంటికొచ్చిన పొద్దు."